నల్లపొగ వెనక రూప్లా

ఎవరూ అడగకముందే తన తప్పును నలుగురి ముందు పెట్టే మనిషి, దానివల్ల తనకు మేలు జరుగుతుందనుకుంటాడా, కీడు జరుగుతుందనుకుంటాడా? రూప్లా గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వచ్చి పక్కన కూర్చుంటుంది. చేతిలో పుస్తకం ఉంటే మూసేస్తాను. ముసలితనం వచ్చింది గాని జవాబు మాత్రం రాలేదు.

ఎనభై తొమ్మిదో, తొంభయ్యో. నేను మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు కాంటా మీద పని చేస్తుండేవాణ్ని. మిల్లుకు బియ్యం బస్తాలు మోసే లారీల్లో సైదయ్యది ఒకటి. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు బండి. దాని డ్రైవరు రూప్లా, త్రిపురారం దిక్కు తండా మనిషి. వాళ్లన్న హన్మాకు చేను మీద, డీజిలుతో నీళ్లు తోడే ఆయిల్ ఇంజిను ఉండేది. దాన్ని విప్పడం, బిగించడంతోనే రూప్లాకు ఇంజిన్ల సంగతి పట్టుబడింది. తర్వాత లారీ మీద క్లీనరుగా ఎక్కి, స్టీరింగు దాకా వచ్చాడు. మాట తక్కువ. పని లేనప్పుడు కూడా బానెట్టు ఎత్తి లోపలికి చూస్తూ నిలబడేవాడు, కొందరు బావిలోకి చూసినట్టు.

మిల్లు ఆవరణలో ఊకదుమ్ము ఎప్పుడూ గాలిలోనే ఉంటుంది. అది ఇంజినులోకి పోతుందని మా దగ్గర డ్రైవర్లకు భయం. అందుకని వారం వారం, ఇంజినుకు గాలి పోయే లావుపాటి రబ్బరు పైపు విప్పి, డీజిలుతో కడిగి, ఎండలో పెట్టి మళ్లీ బిగించేవాళ్లు. నీళ్లతో కడిగితే తడి లోపలికి పోతుందని ఒప్పుకునేవాళ్లు కాదు. ఈ పని తప్పకుండా చేసేవాడికే మంచి డ్రైవరని పేరు. రూప్లా ఒక్క వారమూ తప్పలేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో సైదయ్య లారీ నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది. నిలబడ్డప్పుడు ఏమీ ఉండదు. లోడుతో ఎత్తు ఎక్కిందా, వెనక వచ్చేవాడికి దారి కనబడదు. డీజిలు మాత్రం నీళ్లలా తాగుతోంది. సైదయ్య కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒకరోజు కాంటా దగ్గర పదిమంది ఉండగా అననే అన్నాడు.

"డీజిల్ బండి తాగుతున్నదా, తండా తాగుతున్నదా? మీ అన్న ఇంజిను ఈ నడుమ మస్తుగ నడుస్తున్నదట గదరా రూప్లా!"

కొందరు నవ్వారు. రూప్లా నవ్వలేదు.

"నేను అమ్ముకుంటున్ననంటవా సేటూ?"

"నేనెక్కడన్న? డీజిలే అంటున్నది."

మరునాటి నుంచి సైదయ్య బామ్మర్ది ఈదయ్య క్యాబిన్‌లో రెండో సీటు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. కాపలా అని ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు. ఈదయ్య మంచివాడే. పల్లికాయలు ఒలుచుకుంటూ, పాటలు పాడుకుంటూ వెళ్లేవాడు. "నేను దొంగను పట్టనీకి వచ్చిన్నో, పల్లీలు తిననీకి వచ్చిన్నో నాకే తెల్వదు సారూ" అని నాతో అనేవాడు.

వేరే లారీవాళ్లు తమ బండి నడపమని రూప్లాను పిలిచారు. నేను కూడా, పోరాదూ, ఈ మాటలు పడడమెందుకు అన్నాను.

"ఇప్పుడు దిగితే అమ్ముకొని పోయినట్టే అయితది సారూ. ఇంట్ల నా పెండ్లాం జమ్లీ ఏమంటున్నదో ఎరికేనా? అన్న ఇంజిను చప్పుడైతే చాలు, పక్క చేన్లోళ్లు మన దిక్కు సూస్తున్నరు అంటున్నది. డీజిల్ యాడికి పోతున్నదో నేను సూడాలె."

మొదట సూర్యాపేటలో వెతికాడు. వేడి చూపించే సూది కుదుపు వచ్చినప్పుడల్లా ఎర్రగీత మీదికి ఎగిరేది. ఇంజిను వేడెక్కిందని చెట్టు కిందనో దాబా ముందో ఆపడం, నీళ్లు పోయడం, చల్లారేదాకా చూడడం. పొగకూ అదే కారణమని అక్కడి మెకానిక్కు చెప్పాడు. రూప్లా నమ్మలేదు. సూది ఎగిరినప్పుడు రేడియేటరు మీద చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి ఓర్చుకునే వేడే ఉంది. ఇంజినులో వేడిని కనిపెట్టే బుడిపె నుంచి సూది దాకా వచ్చే వైరును వేలితో తడుముతూ పోయాడు. ఒకచోట పైతోలు ఒరిసి, రాగి బయటపడి, బాడీకి తగులుతోంది. తగిలినప్పుడల్లా సూది అబద్ధం చెబుతోంది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టాడు. సూది కిందికి వచ్చి బుద్ధిగా కూర్చుంది.

"అయిపాయె! దొంగ దొరికిండు" అన్నాడు ఈదయ్య.

ఆ సాయంత్రమే ఎత్తు మీద పొగ మళ్లీ వచ్చింది. రూప్లా తల కొట్టుకోలేదు. "ఒకటి తేలింది. ఇగ వేడి కాదు" అన్నాడట. అప్పటి నుంచి అదే అతని లెక్క. ఏది కాదో ఒక్కొక్కటే పక్కన పెట్టడం. డీజిలు చిమ్మే నాజిళ్లు మార్పించాడు. అవీ కాదు. ఫిల్టరు మార్చాడు. అదీ కాదు. చివరికి లోడుతోనే కోదాడకు పోయి, డీజిలు పంపులు బాగుచేసే మత్తయ్య ముందు బండి ఆపాడు. అక్కడ జరిగింది ఈదయ్య తర్వాత నాకు చాలాసార్లు చెప్పాడు, ఒక్కసారి కూడా కొంచెం తక్కువ చేసి చెప్పలేదు.

మత్తయ్య పంపు విప్పి మిషను మీద పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"పంపుకేం రోగం లేదయ్యా. కొలిచినట్టు పోస్తోంది. పొగ నల్లగా వస్తోందంటే సగం డీజిలు కాలకుండా బయటికి పోతున్నట్టు. డీజిలైనా ఎక్కువ పడాలి, గాలైనా తక్కువ రావాలి. డీజిలు సరిగ్గానే ఉంది."

"అంటే గాలి."

"ఫిల్టరు కొత్తది, పైపు నొక్కుకుపోలేదు. గాలికేం అడ్డమో నాకైతే కనబడట్లేదు."

"నిలబడితే కనబడది మేస్త్రీ. ఎత్తు ఎక్కేటప్పుడు సూడాలె. జర నువ్వు నడుపు."

అని రూప్లా బానెట్టు ఒక పక్క ఎత్తి కట్టి, ముందు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు. ఈదయ్య లబోదిబోమన్నాడు.

"పడి సస్తవుర! బావకు నేనేం జవాబు జెప్పాలె?"

"డీజిల్ అమ్ముకొని పారిపోయిండని జెప్పు."

మత్తయ్య బండిని ఊరి బయటి ఎత్తు మీదికి తోలాడు. ఒక చేత్తో ఇనుప కడ్డీ పట్టుకొని, రెండో చెయ్యి ఆ రబ్బరు పైపు మీద వేసి కూర్చున్నాడు రూప్లా. బండి బరువుకు మూలిగి, గట్టిగా లాగడం మొదలుపెట్టగానే వెనక పొగ లేచింది. పైపు పైకి చెక్కుచెదరలేదు. కానీ చేతి కింద, లోపల, చేప కొట్టుకున్నట్టు ఏదో కొట్టుకుంది. మత్తయ్య కాలు తీస్తే అదీ ఆగింది. మళ్లీ తొక్కితే మళ్లీ కొట్టుకుంది.

"ఆపు!" అని అరిచాడు రూప్లా. ఆ మనిషి అరవగా వినడం అదే మొదలంటాడు ఈదయ్య.

పైపు విప్పి, కత్తితో నిలువునా కోశారు. లోపలి పొర పట్టు వదిలి, బర్రె నాలుకలా వేలాడుతోంది. ఇంజిను మెల్లగా ఊపిరి తీసినంతసేపు అది గోడకు అంటుకుని ఉంటుంది. గట్టిగా పీలిస్తే లేచి గొంతుకు అడ్డం పడుతుంది. మత్తయ్య ఆ పొరను వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"రబ్బరు ఉబ్బి మెత్తబడిపోయింది. దీన్ని డీజిలుతో కడిగిందెవరయ్యా?"

రూప్లా వంగి ఆ పొరను వేలితో తాకి చూశాడట. "నేనే. వారం వారం" అన్నాడు.

కొత్త పైపు బిగించారు. అదే ఎత్తు, అదే లోడు. వెనక ఆకాశం కనబడింది. మత్తయ్య పాత ముక్కను చెత్తలోకి విసరబోతే రూప్లా అందుకుని సీటు కింద పెట్టుకున్నాడు.

మిల్లుకు రాగానే దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సైదయ్య ఉన్నాడు, డ్రైవర్లు మూగారు.

"సేటూ, డీజిల్ తాగింది ఇది. దీన్ని పాడుజేసింది నేను. డీజిల్‌తోని కడిగిన. గని ఒక్క సుక్క అమ్మలే."

"నిజం బావా. నా కండ్లతోని సూసిన. నేను పొద్దుమాపు పక్కనే ఉన్నగద" అన్నాడు ఈదయ్య.

వెనక నుంచి ఎవరో, "అందరం గట్లనే కడుగుతంగదరా!" అన్నారు. ఇద్దరు డ్రైవర్లు తమ బండ్ల వైపు ఉరికారు. సైదయ్య ఆ పొరను అటూ ఇటూ తిప్పి చూసి, పెద్దగా నవ్వాడు.

"అంటే మొత్తానికి చేసింది నువ్వేనన్నట్టు! పోనీ తియ్. సూర్యాపేట లోడు ఉన్నది, బండి పెట్టు."

రూప్లా ఇంకొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు. ఇంకో మాట వస్తుందని చూశాడనుకుంటాను. సైదయ్య అప్పటికే హమాలీలను కేకేస్తున్నాడు.

బస్తాలు ఎక్కాయి. తాడు రూప్లాయే బిగించాడు. కాంటా మీద తూకం అయింది. ఇంజిను స్టార్టు చేసి అద్దంలోంచి వెనక్కి చూశాడు. పొగ లేదు.

"ఈదయ్యా, ఎక్కు" అన్నాడు సైదయ్య.

"ఇంకెందుకు బావా? తేలిపాయెగద!"

"ఎక్కమన్న. అలవాటైంది, కూసుంటే ఏం బోయింది?"

ఈదయ్య నా వైపు చూశాడు, రూప్లా వైపు చూడలేకపోయాడు. తలుపు తీసుకుని తన సీటు మీద కూర్చున్నాడు.

రూప్లా ఇంజిను ఆపలేదు. ఇటు పక్క తలుపు తీసి కిందికి దిగాడు. సీటు వెనక నుంచి టవల్, సద్ది గిన్నె తీసుకున్నాడు. కోపంగా కాదు, మెల్లగా, ఏదీ మరిచిపోకుండా. నా కిటికీ ముందు నుంచే వెళ్లాడు. చెయ్యి ఎత్తబోయాను.

"ఓ రూప్లా! యాడికిరా, లోడు వెట్టుకొని?" అని సైదయ్య కేకేశాడు.

గేటు దాటి, త్రిపురారం బస్సు ఆగే దిక్కు తిరిగాడు.