పెదనాయినకు ఇవ్వని పొగాకు

నాలుగేళ్లుగా ఒక మాట గొంతులోనే ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా తాత లాల్‌గడి మలక్‌పేటలో బావి పక్కన పొగాకు వేసేవాడు. ఆకు ఎండబెట్టి, బెల్లం నీళ్లు చల్లి, మట్టి చిలుంలో నింపి పీల్చేవాడు. అడిగినవాళ్లకు గుప్పెడు ఇచ్చేవాడు. పంపకాల్లో ఆ పొలం పెదనాయినకు పోయింది. ఒకరోజు నాయిన చిలుం కోసం రెండు ఆకులు తెంపితే, కూలీలందరి ముందు పెదనాయిన అన్నాడు:

"పంచుకున్నంక గూడ నా ఆకు మీదనే పడ్డవారా? సిగ్గుంటె బీడీలు కొనుక్కొని తాగుపో."

నాయిన ఆ ఆకులు గట్టు మీద పెట్టి వచ్చేశాడు. చనిపోయేదాకా బీడీలే తాగాడు. అప్పటికి నేను పెళ్లయినవాణ్ని. పక్కనే ఉండి నోరు మెదపలేదు.

తర్వాత ఆ పొలం ప్లాట్లయింది. పెదనాయిన అలియాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. పొగ తాగడానికి పైపు పట్టాడు. సికింద్రాబాద్ నుంచి డబ్బా పొగాకు తెచ్చుకునేవాడు. కొన్నేళ్లకు ఆ దుకాణం మూతపడింది. ఇక తెలిసినవాళ్లకు ఫోన్ చేసి తెప్పించుకోవాల్సిందే. అలా తెప్పించే ఒకతని నంబరు నా దగ్గరుంది. అప్పటికే పక్షవాతంతో మంచాన పడ్డ పెదనాయిన, ఒక డబ్బా తెప్పించమని నన్నే అడిగాడు.

"దొరుకుతలేదు పెదనాయినా" అన్నాను.

ఆయన ఆరోగ్యం కోసమేనని సర్దిచెప్పుకున్నానా? చెప్పుకున్నాను. మరి ఒక డబ్బా తెప్పించుకుని నేనెందుకు పైపు నేర్చుకున్నాను? శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర కారు ఆపి, దగ్గుకుంటూ, ఆ పొగ చొక్కాకు బాగా పట్టేదాకా తాగి, అప్పుడు వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చునేవాణ్ని. ఆయన కొడుకులు ప్లాట్ల పని మీద తిరుగుతుండేవారు. ఆ గదిలో మేమిద్దరమే.

"వాసనొస్తాందిరా నీ దగ్గర. గదే పొగాకు."

"ఏం వాసన లేదు పెదనాయినా. నీకే గట్లనిపిస్తాంది."

రెండుసార్లు వాదించాడు. మూడోసారి వాదించలేదు. "మతి పోతాంది కొడుకా" అని నవ్వబోయాడు. నాకు కడుపు నిండింది.

ఆ తర్వాత ఆయన పొగాకు ఊసెత్తలేదు. ఒక మధ్యాహ్నం కోడలు కంచం పెట్టి వెళ్లాక, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"అన్నం మాడిందా, నాకే గట్లొస్తాందా? నువ్వు జెప్పురా."

మాడు వాసన నాకూ గుప్పుమంటోంది. నాయినకు జరిగిన అవమానానికీ ఈ అన్నానికీ ఏం సంబంధం? నా పగ అప్పటికే తీరింది కదా?

"మంచిగనే ఉంది. తిను" అన్నాను.

నా మాట నమ్మి మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

నెల తర్వాత పోయాడు. పొగాకు ఇవ్వనందుకు నాకు ఇప్పటికీ పెద్దగా బాధ లేదు. అది కూడా దాచను. కానీ ఆ కంచం ముందు ఆయన నా ముఖంలోకి చూసిన చూపు నన్ను వదలడం లేదు. క్షమించమని ఎవరినీ అడగను. ఆయనకు మతి చెడలేదు. చివరిదాకా బాగానే ఉంది. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు.