తెగని నెట్

కోరుట్లల మా అత్తగారింట్ల నెట్ పోయిన దినమే నాకు బయటికి పోయే దినం. నేను హైదరాబాద్ కంపెనీ పని ఇంటి నుంచే చేస్త. కేబుల్ తెగిందంటే ల్యాప్‌టాప్ సంచిల పెట్టుకొని బస్సెక్కి, జగిత్యాలల నాతోటి చదువుకున్న దోస్తు రూముకు పోతుంటి. ఆమె పక్కన కూసోని పని చేస్కొని, పొద్దుగూకే యాళ్లకు ఇల్లు చేరుతుంటి.

వానకాలంల కేబుల్ ఊకె తెగబట్టింది. ఒకనాడు మామ అడిగిండు: "గిట్ల జగిత్యాల తిరుగుడేంది బిడ్డా? కంప్యూటర్ చదువు చదివినవ్ గదా, ఇంట్లనే మంచిగ వచ్చేటట్టు చెయ్యరాదు?"

మస్కట్ల ఉన్న మా ఆయన ఫోన్ల గదే అన్నడు. "రెండు లైన్లు పెట్టు. ఒకటి పోతె ఇంకోటి అందుకుంటది. నీకు రాని పనా?"

రాని పని గాదు. గదే నా తిప్పలు.

కేబుల్ లైనొకటి, సిమ్ము లైనొకటి. రెంటిని చూసుకునే చిన్న కంప్యూటర్ మధ్యల ఉండాలె. అంటే రౌటర్ నేనే కట్టాలె. అటక మీద పాత డెస్క్‌టాప్ ఉన్నది గని, వైరు పెట్టే పోర్టు ఒక్కటే. జగిత్యాల దుకాణంల ఒకాయన, ఇంకో పోర్టు ఇచ్చే యూఎస్‌బీ కన్వర్టర్ నా చేతుల పెట్టిండు. "పాతదానికి గిది తగిలించుండ్రి మేడం, అయిపోతది."

అది వేడెక్కితే లైను వదిలేస్తదని నాకెరుకే. వదిలేస్తె నేను మళ్ల బస్సెక్కొచ్చు. దాన్ని పట్టుకొని జరసేపు గట్లనే నిలబడ్డ. సిరిసిల్లల మా బాపు బట్ట నేసే సాంచెలు నడిపేటోడు. పోగు తెగితే సాంచె ఆపి, ముడేసినంకనే మళ్ల నడిపేది. తెలిసి తెలిసి ఖరాబు బట్ట నేసుడు ఆయనకు చాతగాలే, నాకూ చాతగాలే. కన్వర్టర్ వాపస్ ఇచ్చి, ఫ్యాన్ లేని, నాలుగు పోర్టుల సెకండ్‌హ్యాండ్ చిన్న కంప్యూటర్, ఇనుప డబ్బా అసొంటిది, తీసుకున్న. ఇన్వర్టర్ మీద గూడ నడుస్తది.

సాఫ్ట్‌వేర్ కాడ మళ్ల ఆగిన. ఉచితంగ దొరికేటియి రెండు చూసిన. ఒకదాంట్ల గ్రాఫులు, సెట్టింగులు బొచ్చెడు. దగ్గరుండి చూసుకోవాలె. అది పెడితె నన్ను పుట్టింటికి సుత పోనియ్యరు. ఇంకోటి సాదాది, కరెంటు పోయొచ్చినా దానంతటదే లేస్తది. సాదాదే ఎక్కించిన.

కేబుల్ వైరు నా చేతులతోనే పీకి చూసిన. మామ ఫోన్ల వార్తలు జర ఆగి మళ్ల నడిచినయి.

"శభాష్ బిడ్డా! ఇగ నువ్వు యాడికీ పోయే అక్కెర లేదు," అన్నడు సంబురంగ. నేను పీకిన వైరు మళ్ల తగిలించిన.

కేబుల్ తెగుతనే ఉన్నది, ఇంట్ల ఎవ్వరికి తెలుస్తలేదు. పొద్దంత గదే రూము, గదే కిటికీ. ఒకనాడు పొద్దున సంచి భుజాన ఏసుకున్న.

"జగిత్యాల పోయొస్త మామా."

"నెట్ వస్తలేదా?"

"వస్తుంది. ఇంట్ల కూసుండి కూసుండి ఊపిరాడుతలేదు."

మామ మొకం చిన్నగయింది. "నేనేమన్నంటినా బిడ్డా?"

"మీరేమనలే."

"మావోనికి చెప్పినవా?"

బస్సుల ఉండంగనే మా ఆయన ఫోన్. "నెట్ మంచిగనే ఉన్నదట గదా, ఏమైంది?" మామకు చెప్పిందే చెప్పిన. "సరే, జల్ది ఇంటికి పో," అన్నడు.

ఇప్పుడు నెలకోసారి పోతున్న. పొయ్యే ముందర ఇద్దరికి చెప్పాలె, ఎందుకో సుత చెప్పాలె. ఒక్కోసారి గా చెప్పుడు చాతగాక సంచి పక్కన పెట్టి, పనిల కూసుంట.