కడిగిన నోరు

ఈరక్కకు కోపం ఎక్కువని బేతంచెర్లలో ఆమెను ఎరిగిన ప్రతివాళ్ళూ చెబుతారు. ఎందుకంత కోపమని మాత్రం ఒక్కరూ అడగరు. ఆలూరు పక్క పల్లెలో వరసగా వేరుశనగ ఎండిపోతే, ఉన్న చెక్క పొలం వదిలేసి మొగుడి వెంట ఇక్కడికొచ్చి, నాపరాళ్ళ ఫ్యాక్టరీలో బండలు మోసి మోసి నడుం వంగిన మనిషికి నవ్వులెక్కడినుంచి వస్తాయి? పనిగత్తెల మీద నోరు పారేసుకున్నాడని మేస్త్రీ పుల్లయ్య చొక్కా పట్టుకుంది ఒకసారి. నీళ్ళ ట్యాంకరు దగ్గర వరుస తప్పినవాళ్ళ బిందెలు కాలితో తన్నింది. మొగుడు బసవన్న మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి వంతు కోపమూ ఆమె ఒక్కతే పడేది.

బసవన్నది బండల అంచులు కోసే మిషన్ దగ్గర పని. అక్కడ దగ్గు రాకపోతేనే వింత. అందుకే అతనికి దగ్గు పట్టుకున్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. "దుమ్ము దగ్గులేప్పా, బెల్లం ముక్క నోట్లో ఏసుకో" అన్నాడు పుల్లయ్య. ఆ ఊళ్ళో టీబీ వచ్చినా దుమ్మే, గుండెనొప్పి వచ్చినా దుమ్మే. దుమ్ము మీద నెట్టేస్తే మందుల ఖర్చు ఎవరి నెత్తినా పడదు కదా! రానురాను చొక్కా భుజాల మీద నిలవడం మానేసింది, పొద్దుగూకితే జ్వరం. ఆసుపత్రిలో తెమడ అడిగారు. బసవన్నది పొడిదగ్గు. ఎంత తిప్పలు పడ్డా డబ్బీలో పడింది ఎంగిలి ఉమ్మే. పరీక్ష చేసి ఏమీ లేదన్నారు.

సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి క్యాంపు వచ్చింది. టీబీకి కొత్త పరీక్ష కనిపెడుతున్న సంస్థ వాళ్ళది. తెమడ రానివాళ్ళకు నాలుక మీద దూది పుల్లతో రాసి, దాన్ని మిషన్లో పెట్టి చూస్తారట. ఆ పరీక్ష ఎంతవరకు పనిచేస్తుందో ఇలా ఊరూరా తిరిగి తేల్చుకుంటున్నారు. ఆ పని చూసుకునే జయకుమార్ అనే కుర్రాడు ఆటోకు మైకు కట్టుకుని వీధులన్నీ తిరిగాడు. "పరగడుపున రావాలి. ఏమీ తినకూడదు, తాగకూడదు." అంతే చెప్పాడు. ఆ రెండు ముక్కలే వీధి వీధినా మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

ఈరక్క పుట్టింట్లో పాచి నోటితో గడప దాటితే వీపు చిట్లేది. నోరు కడగనిదే వాళ్ళమ్మ పిల్లలకు గుక్కెడు నీళ్ళు కూడా పోసేది కాదు. అలా పెరిగిన మనిషి, చదువుకున్నవాళ్ళ ముందు మొగుడు నోరు తెరవాలంటే ఊరుకుంటుందా? తెల్లవారకముందే లేపి కూర్చోబెట్టింది. ఉప్పుతో పళ్ళు తోమింది. వేపపుల్ల నిలువునా చీల్చి, అతనికి చెయ్యి ఆడకపోతే తానే నాలుక గీకింది.

"చాల్లేవే, రగతం వస్తాది" అన్నాడు బసవన్న.

"నోరు తెరిస్తే గబ్బు కొట్టిందనుకో, మన మరేదేం గావల్ల? ఊకుండు" అని ఇంకోసారి గీకి, వేణ్ణీళ్ళు పుక్కిట పట్టించి, తల దువ్వి తీసుకుపోయింది.

క్యాంపులో అందరూ అలాగే వచ్చారు. తెల్లగా తోమిన పళ్ళు, నున్నగా దువ్విన తలలు, ఖాళీ కడుపులు. పుల్ల పట్టుకున్న అమ్మాయి బసవన్న నోట్లోకి చూసి, "ఎంత శుభ్రంగా వచ్చారండీ!" అని మెచ్చుకుంది కూడా. ఈరక్కకు ఆ మాట ఇంటికి వచ్చేదాకా చెవుల్లో తీపిగా ఉండింది.

నాలుక పరీక్షలోనూ ఏమీ లేదన్నారు. దగ్గు తగ్గకపోతే కర్నూలు పోయి ఛాతీ ఫోటో తీయించుకొమ్మని ఒక మాట అన్నారు గానీ, ఆ మాట పుల్లయ్యకు పట్టలేదు. "రెండు పరీచ్చల్లో ఏం లేదంటే నాటకాలా? రేపు మిషన్ కాడికి రా" అన్నాడు. బసవన్న పోయాడు. కోస్తూ కోస్తూ ఒకరోజు నెత్తురు కక్కి బండల మీదే పడ్డాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో టీబీ అని తేల్చేసరికి ఊపిరితిత్తుల్లో మిగిలిందేమీ లేదు. మాత్రలు మొదలుపెట్టారు. అవి పనిచేసేదాకా మనిషి నిలవలేదు.

దినాలు అయిపోయాక జయకుమార్ ఇంటికి వచ్చాడు. కర్నూలులో టీబీ అన్న మనిషికి తమ పరీక్షలో ఎందుకు రాలేదో తెలుసుకోవాలట. ఇంట్లో ఉన్నవాళ్ళకూ పరీక్ష చేయాలట.

"ఆరోజు పొద్దున ఆయన ఏమైనా తిన్నారా అమ్మా?"

"మీరు వద్దంటిరి గదా. నీళ్ళు గూడా మింగల్యా."

"నోరు కడుక్కున్నారా?"

"కడుక్కోకుండా ఎవురన్నా వస్తారా?"

ఆ కుర్రాడు తల దించుకున్నాడు. ఆమె నిలదీస్తే అప్పుడు చెప్పాడు. టీబీ పురుగులు రాత్రంతా నాలుక మీద చేరుతాయట. కడిగితే పోతాయట. పళ్ళు తోముకోకుండా రావాలన్నది తమ నియమాల్లో ఉందట. లేవగానే ఏదో ఒకటి తినో తాగో వస్తారన్న భయంతో తిండి సంగతే గట్టిగా చెప్పారట.

"ఒక్క మాట! పాచి నోటితో రాండని ఒక్క మాట చెప్పేకి మీ నోరేం పడిపాయనా? వేపపుల్ల చీల్చి ఈ చేత్తోనే గీకితి గదప్పా! ఆ పాప మెచ్చుకుంటే మురిసిపోతి గదప్పా!" ఈరక్క లేచి నిలబడి అరిచింది. ఇరుగుపొరుగు గుమికూడారు. జయకుమార్ పోబోతుంటే చొక్కా పట్టి ఆపింది. "మల్లా క్యాంపు ఎప్పుడు? ఆపొద్దు నేనొస్తా. ఇంట్లో వాళ్ళకు గూడా చూడల్ల అంటిరి గదా."

మళ్ళీ క్యాంపు వచ్చిన పొద్దున ఆమె పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి పాచి మొహంతో బజారులో నడిచింది. తెలిసినవాళ్ళు పలకరిస్తే జవాబివ్వలేదు. క్యాంపు దగ్గర వరుసలో అందరూ మళ్ళీ తళతళలాడుతున్నారు. ఈసారీ మైకులో ఆ మాట లేదు. కొత్త మాట కలపాలంటే పైవాళ్ళ ఒప్పుదల రావాలట, ఇంకా రాలేదట. ఈరక్క జయకుమార్ చేతిలోని మైకు లాక్కుంది.

"నోరు కడుక్కున్నోళ్ళంతా ఇండ్లకు పొండి! రేపు పాచి నోటితోనే రాండి. సిగ్గు పడొద్దండి. నేను సిగ్గుపడి నా మొగున్ని చంపుకుంటి."

వరుస మెల్లగా చెదిరింది. ఆమె కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది.

వారానికి జయకుమార్ మళ్ళీ వచ్చాడు. ఈరక్క నాలుక మీద టీబీ దొరికింది. ఆసుపత్రి పరీక్షలోనూ అదే తేలింది. "మొదట్లోనే పట్టుకున్నాం అమ్మా. మాత్రలు మానకుండా వేసుకుంటే పూర్తిగా తగ్గిపోతుంది" అన్నాడు. అతని మొహంలో సంతోషం దాగలేదు. దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"అయితే మీ పరీచ్చ పనిచేస్తాది."

"చేస్తుందమ్మా."

"పాచి నోరైతే దొరుకుతాది."

"అవునమ్మా."

పరీక్ష పనికిమాలినదై ఉంటే ఈరక్కకు ఎంతో కొంత ఊరటగా ఉండేది.

"అంటే ఆపొద్దు గూడా దొరికేది" అంది. "ఆయప్ప బతికేటోడు."

జయకుమార్ మాత్రల పొట్లం అరుగు మీద పెట్టి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఈసారి అన్నీ చెప్పు" అంది ఈరక్క. "ఒక్కటి గూడా ఇడ్చొద్దు."