చీరలన్నకు కుచ్చిళ్ళు పట్టిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా ఒక సంగతి చెప్పాలంటే, వినేవాళ్ళ మోకాళ్ళు చెప్పేవాళ్ళ మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా కూర్చోవాలనేవారు. మీరు కూడా కొంచెం ఇటు జరగండి. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. రాత వంకరగా ఉంటే సర్దుకోండి, జ్ఞాపకం మాత్రం వంకర పోలేదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం మా మనవడు టీవీలో ఏదో పాత హాస్య నాటిక పెట్టాడు. ఇంగ్లండు దేశంలో ఎప్పుడో వచ్చినదంట. అందులో ఒక మగమనిషి చేయి వంచి, నడుము తిప్పుకుంటూ, కండ్లు ఎగరేసి ఏదో అంటాడు. అతడు అన్నప్పుడల్లా కనిపించని జనం గొల్లున నవ్వుతారు. మా మనవడూ నవ్వాడు. కాలేజీలో చదివే మా మనవరాలు మాత్రం రిమోటు లాక్కుని కట్టేసింది. ఇట్లాంటివి చూసి నవ్వడం తప్పు, ఆ రోజులు పోయాయి అంది. ఉత్త తమాషాకు కూడా తప్పు పడితే ఎట్లా అని వాడు. ఇద్దరూ చాలాసేపు వాదులాడుకుని చివరకు నా వైపు తిరిగారు. ఆ నాటికలోని భాష నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ నడక నాకు తెలుసు. ఆ నడకను నేను ఒకప్పుడు దొంగిలించాను.

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. మా చిన్నత్తకు, అంటే మా నాయన చెల్లెలికి, పులివెందుల సంబంధం కుదిరింది. పెండ్లి బట్టలు తీయాలంటే మా వైపు ఇంటిల్లిపాదీ కదలాలి. ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి పద్నాలుగు మందిమి బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాము. మా జేజి ఒక్కతే రాలేదు. జేజి అంటే మా నాయన తల్లి, పెండ్లికూతురి తల్లి కూడా ఆమే. మా జేజినాయన పోయిన నాటి నుంచి ఆమె తెల్లచీరలోనే ఉండేది. శుభానికి బట్టలు తీసేచోటికి అట్లాంటివాళ్ళు రాకూడదని ఆ రోజుల్లో గట్టి పట్టింపు.

అంగడిలో నేల మీద తెల్లదుప్పటి కప్పిన పరుపుల మీద మమ్మల్ని కూర్చోబెట్టారు. చీరలు చూపడానికి వచ్చిన గుమాస్తాను అందరూ చీరలన్న అని పిలిచేవారు. సన్నని మనిషి, పంచె, పొడుగు చేతుల చొక్కా, ఆకు వక్కతో పండిన నోరు. మిగతా గుమాస్తాలు చీర విప్పి మన ముందు పరిచేవారు. ఈయన మాత్రం చొక్కా మీదనే చీర చుట్టుకుని, రెప్పపాటులో కుచ్చిళ్ళు పెట్టి, పైట భుజం మీద వేసుకుని, అద్దం దాకా నడిచి వెనక్కి వచ్చేవాడు. ఆ నడక మగవాళ్ళ నడకలా ఉండేది కాదు. గొంతూ మెత్తన, చేయి తిప్పడమూ మెత్తన.

మా చిన్నత్త సంబంధం కుదిరిన నాటి నుంచి తల ఎత్తింది లేదు. ఏ చీర చూపినా, మీ ఇష్టం అనేది. చీరలన్న కుంకుమ రంగు పట్టుచీర చుట్టుకుని ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం పాపా, ఈ చీర కట్టుకోని నేను పులివెందులలో బస్సు దిగితే, పెండ్లికొడుకు నిన్ను సూచ్చాడా నన్ను సూచ్చాడా?"

మా చిన్నత్త నవ్వేసింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, కండ్ల నీళ్ళు వచ్చేదాకా నవ్వి, అదే కావాలని తన నోటితో చెప్పింది. తనకు ఏం కావాలో ఆమె చెప్పడం నేను వినడం అదే మొదలు. మా అమ్మ, మా పెద్దమ్మలు పరాయి మగవాడి ముందు గొంతెత్తనివాళ్ళు. వాళ్ళూ ఆయనను వెక్కిరించారు, ఆయన చేత వెక్కిరింపించుకున్నారు. ఇంటికి వచ్చే దారిలో బస్సులో కూడా ఆ నవ్వు ఆగలేదు.

పెండ్లి చీరలు తెచ్చాక చుట్టపక్కాలు వచ్చి చూసిపోవడం మా వైపు ఆనవాయితీ. ఆ రోజు ఇల్లు నిండిపోయింది. చీరలు చూపే పని నాకు అప్పగించారు. నేను ఊరుకోలేదు. గౌను మీదనే చీర చుట్టుకుని, చేయి వంచి, నడుము తిప్పుతూ, చీరలన్న గొంతుతో మాట్లాడుతూ నడిచాను. ఇల్లు కూలిపోయేంతగా నవ్వారు. ఆ నాటి నుంచి ఎవరు వచ్చినా, ఏదీ పాపా చీరలన్నను చూపు అనడమే. మా అమ్మ తమ్ముడు, మా మామ, నాకు బెల్లం మిఠాయి పెట్టి ఇంకొకటి నేర్పాడు. రెండు అరచేతులు అడ్డంగా కొట్టే చప్పట్లు. సంతల్లో ఆడవాళ్ళలా నడిచే మగవాళ్ళ వెంటపడి ఆకతాయిలు కొట్టే చప్పట్లు అవి. అర్థం నాకు తెలియదు. అది కొడితే నవ్వు రెండింతలవుతుందని మాత్రం తెలిసింది. మా జేజి వంటింటి గడప దగ్గర కూర్చుని చూసేది, నవ్వేది కాదు. ముసలిదానికి ఏం తెలుసులే అనుకున్నాను.

వారం తిరక్కముందే ఒక చీర అంచులో నేత తప్పు బయటపడింది. మార్చుకు రావడానికి మా అమ్మ, మామ, నేను మళ్ళీ ప్రొద్దుటూరు పోయాము. చీరలన్న మమ్మల్ని గుర్తుపట్టి ఎదురొచ్చాడు. మా మామ ఊరుకుంటాడా. మా పాప నిన్ను అచ్చుగుద్దినట్టు దించుతుందప్పా, చూస్తావా అన్నాడు. మా అమ్మ వద్దని కనుసైగ చేసింది. నాకు మాత్రం అంతమంది ముందు చేసే అవకాశం దొరికిందన్న సంబరం.

చేశాను. మూటలు మోసేవాళ్ళు, తక్కిన గుమాస్తాలు, గల్లాపెట్టె దగ్గర సావుకారి, అందరూ మగవాళ్ళు, అందరూ చుట్టూ చేరారు. ముందు నవ్వింది చీరలన్నే. బాగా చేసినావు పాపా అన్నాడు. అప్పుడు నేను ఆ చప్పట్లు కొట్టాను.

మగవాళ్ళ నవ్వు ఒక్కసారి పైకి లేచింది. మొన్న ఆడవాళ్ళు నవ్విన నవ్వు లాంటిది కాదు అది. చీరలన్న చేతిలో ఒక చీర ఉంది. దాన్ని మడత పెట్టాడు. బాగానే కుదిరిన మడతను మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టాడు. ఎవరి వైపూ చూడలేదు. ఆ తరువాత మాకు వేరే చీర చూపించాడు, రెండు అరచేతుల మీద పెట్టుకుని, ఒంటికి తగలకుండా, వేడి పళ్ళెం పట్టుకున్నట్టు దూరంగా. ఏది తీసుకోవాలో మా అమ్మకు తేలలేదు. ఏదో ఒకటి తీసుకుని వచ్చేశాము.

నాలుగు రోజులకు మా పక్కింటి అక్క ఆ అంగడికి పోయి వచ్చింది. చీరలన్న ఇప్పుడు చీర ఒంటి మీద వేయడం లేదట. కట్టి చూపితేనే కదా బేరం అయ్యేది, అది లేకుంటే నువ్వెందుకప్పా అని సావుకారి అడిగాడట. వెనక వైపు తువ్వాళ్ళ దగ్గర నిలబెట్టాడట. పెండ్లిళ్ళ కాలం దాటగానే పంపించేస్తాడని అందరూ అనుకుంటున్నారట. ఆమె ఈ మాటలు చెబుతుంటే మా అమ్మ నా వైపు చూసింది. మా జేజి చూపు కూడా నా మీదికే వచ్చింది.

జేజి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఆడవాళ్ళందరినీ వసారాలో కూర్చోబెట్టి, చీరలన్న ఆట ఒకసారి ఆడమంది. జేజి తనంతట తాను అడిగిందని నాకు పొంగు వచ్చింది. చీర చుట్టుకుని మొదలుపెట్టాను. చేయి వంచాను. ఎవరూ నవ్వలేదు. ఇంకొంచెం నడుము తిప్పాను. మా పెద్దమ్మలు నా వైపే చూస్తున్నారు, పెదవి కదపడం లేదు. నవ్వొద్దని జేజి ముందే అందరికీ చెప్పి పెట్టిందని నాకేం తెలుసు? నాలుగడుగులు వేసేసరికి నా చేయి దానంతట అదే కిందికి దిగిపోయింది. నడుము కర్రలాగా బిగుసుకుంది. వసారా మధ్యలో నిలబడి ఏడుపు మొహం పెట్టాను.

"ఏందే, నిలబడిపోతివి?"

"ఎవరూ నవ్వడం లేదు జేజీ."

"మేము నవ్వకుంటే నీకు నడక రాలేదు. ఆ అబ్బి ఎవరు నవ్వినా నవ్వకున్నా అట్లే నడుచ్చాడు. అది ఆయప్ప నడక మే. నువ్వు ఆడుకున్నావు."

తరువాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక సంగతి చెప్పింది. జేజినాయన పోయిన రెండో ఏడు, ఎవరో మామూలు చీరలు తీస్తుంటే తోడుగా ఆ అంగడికే పోయిందట. అందరి ముందూ చీరలు పరిచారు. ఆమె తెల్లచీర చూసి ఆమె ముందు ఏమీ పరచలేదు, మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. అప్పుడు చీరలన్న నెమలికంఠం రంగు చీర ఒకటి తను చుట్టుకుని నేరుగా ఆమె దగ్గరికి వచ్చి, పెద్దమ్మా, ఈ రంగు నాకు ఎట్టుంది, నువ్వు చెప్పితే నమ్ముతా అన్నాడట. భర్త పోయిన తరువాత ఒక రంగు గురించి తనను అడిగిన మనిషి అతనొక్కడే అంది. "నేను కట్టుకోకూడని రంగును ఆయప్ప ఒంటి మీద కండ్లారా సూసుకుంటి" అంది.

తలంబ్రాల చీర ఇంకా తీయవలసి ఉంది. దానికి నేనే పోతానని మా జేజి పట్టుబట్టింది. ఇంట్లో గొడవ అయింది. నేను ముట్టుకోనులే, అతను చూపుతాడు, నేను చూస్తాను అంది. తోడుగా నన్ను ఒక్కదాన్నే తీసుకుపోయింది. ఏం చేయాలో, ఏం అనాలో దారి పొడుగునా నాకు ఒక్క మాట చెప్పలేదు.

అంగడిలో కూర్చుని, ఆ తువ్వాళ్ళ దగ్గర ఉండే అబ్బి వచ్చి చూపితేనే తీసుకుంటానంది. చీరలన్న వచ్చాడు. నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. పసుపు చీర ఒకటి అరచేతుల మీద పెట్టి చూపించాడు.

"అట్ల పట్టుకుంటే నా కండ్లకు ఆనదు నాయనా. కట్టుకోని చూపు."

ఆయన కదలలేదు. సావుకారి గల్లాపెట్టె దగ్గర నుంచి మెడ సాచి చూస్తున్నాడు. చివరకు చీరలన్న చీర విప్పి చుట్టుకోసాగాడు. రెప్పపాటులో కుచ్చిళ్ళు పెట్టే మనిషి చేతులు ఆ రోజు తడబడ్డాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కింద అంచు నేల మీద జీరాడుతూ ఉంది. వెనక ఎవడో మూటలవాడు కిసుక్కున నవ్వాడు. చీరలన్న చేతులు ఆగిపోయాయి.

నాకు ఏమనిపించిందో ఇప్పటికీ మాటల్లో చెప్పలేను. లేచి పోయి ఆయన కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాను. మా ఇండ్లలో పెండ్లికూతురికి చీర కట్టేటప్పుడు ఒకరు కింద కూర్చుని కుచ్చిళ్ళు ఒక్కొక్కటే సరిచేసి లాగి పట్టుకుంటారు. అట్లా పట్టుకున్నాను. తల ఎత్తి ఆయన మొహం చూడడానికి భయం. క్షమించమనే మాట మా ఇండ్లలో పిల్లలకు అలవాటు లేదు, నాకు రాలేదు కూడా. కుచ్చిళ్ళు మాత్రం ఒక్కటి కూడా తప్పు పోనియ్యలేదు.

మూటలవాడి నవ్వుకు తోడు నవ్వేవాళ్ళు లేక అదే అణిగిపోయింది. అప్పుడు నా నెత్తి మీద ఆ మెత్తని గొంతు వినిపించింది.

"గట్టిగా పట్టు పాపా. పెండ్లికూతురు పందిట్లో జారి పడితే, పీటల మీద నిన్ను కూచ్చోబెడతారు."

మా జేజి పకపకా నవ్వింది. తెల్లచీర కట్టాక ఆమె అంత పెద్దగా నవ్వడం నేను ఎరుగను. పక్క పరుపు మీద బేరానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా నవ్వారు. చీరలన్న పైట సర్దుకుని అద్దం దాకా నడిచాడు, తన నడకతోనే. ఆ పక్కవాళ్ళు అప్పుడే అతన్ని పిలిచి, మాకూ అట్లాగే కట్టి చూపాలన్నారు. సావుకారి తువ్వాళ్ళ దగ్గరికి వేరే మనిషిని పంపాడు.

ఆయన ఆ అంగడిలో ఇంకా చాలా ఏండ్లు ఉన్నాడు. నా పెండ్లి చీర కూడా ముందు ఆయన ఒంటి మీదనే చూశాను. ఆ రోజు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన ఇంటి సంగతి, మనసులో సంగతి నాకు తెలియవు. మేము నవ్వి ఇంటికి వచ్చేసిన తరువాత ఆయన ఒక్కడే ఏమనుకునేవాడో అని ఈ వయసులో అప్పుడప్పుడు అనుకుంటాను. అప్పట్లో అట్లా అడగాలని ఎవరికీ తోచలేదు. మా మనవరాలికి తోచింది, అందుకు సంతోషమే.

ఆ ఆదివారమే నేను మళ్ళీ ఆ నాటిక పెట్టించాను. ఈసారి జనం నవ్వు వినకుండా ఆ మనిషి మొహం చూస్తూ కూర్చున్నాను. ఒకచోట ఆయనే ఏదో అని, ఎదుటివాళ్ళ నోరు మూయించి, కొంటెగా చూశాడు. నాకు నవ్వు వచ్చింది, నవ్వాను. ఇంకొకచోట ఆయన వెనక్కి తిరగగానే ఇద్దరు మగవాళ్ళు ఆయనలాగా చేయి వంచారు. జనం ఇంకా పెద్దగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా అరచేతులు మండినట్టయింది, ఆ పాత చప్పట్లు గుర్తొచ్చి. మనవడికి, మనవరాలికి ఇదంతా చెప్పాను. వాడు టీవీ తనే కట్టేశాడు. మనవరాలు మాత్రం, ఆ చీరలన్న ఇంకా ఏమేం అనేవాడో చెప్పమని నా పక్కకు జరిగింది.

ఇప్పటికీ ఎవరి మీదైనా నవ్వు వస్తే, ముందు ఆ మనిషి చేతుల వైపు చూస్తాను. చేతులు హాయిగా ఆడుతుంటే కలిసి నవ్వుతాను. బాగానే ఉన్న మడతను విప్పి మళ్ళీ పెడుతుంటే, లేచి పక్కకు పోయి కూర్చుంటాను.

ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ వసారాలో నవ్వుకు ఏ పూటా కరువు రాకూడదు. ఆ నవ్వు విని ఎవరూ తల దించుకుని మీ గడప దాటిపోకూడదు.