నాన్న ఉలులకు తుప్పు వదిలింది

ఒళ్లు మండిపోతోంది. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కిన నాన్న పోయాక, ఆయన ఉలులు తుప్పు పట్టాయని అన్నయ్యే సంచిలో వేసి నాకిచ్చేశాడు. ఈ రోజు బకెట్‌లో బట్టల సోడా కలిపిన నీళ్లు పోసి, బ్యాటరీ ఛార్జర్ ప్లస్ వైరు ఇనుప రేకుకు, మైనస్ వైరు ఉలులకు తగిలించాను. సాయంత్రానికి తుప్పంతా నల్లటి బురదలా ఊడింది. మురిసిపోయి ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెట్టాను.

గంటలో అన్నయ్య బందరులో మా గుమ్మం ముందున్నాడు.

“నాన్న పనిముట్లు మగపిల్లాడి దగ్గరుండాలి కదే.”

“తుప్పు పట్టినప్పుడు ఆ మాట గుర్తు రాలేదా అన్నయ్యా?”

“అప్పుడవి ఎందుకు పనికొచ్చేవే?” అంటూ ఉలులన్నీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

వెంటనే నూనె రాయకపోతే ఈ ఉప్పుగాలికి మళ్లీ తుప్పు పడతాయి. ఆ సంగతి నేను చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?