ఆవులు మేయని తంగేడు

మూడు వారాల కిందట కళ్ళద్దాలు మార్పించుకుందామని ద్వారకా నగర్ వెళ్ళి, ఆటో కోసం నిలబడి ఉంటే, రోడ్డు మధ్య డివైడర్లో ఒకావిడ తంగేడు మొక్కలు నాటుతూ కనిపించింది. పక్కనే ఓ బోర్డు, తేనెటీగల కోసం, తుమ్మెదల కోసం, నీళ్ళు పెద్దగా అడగని మన నేల మొక్క అని. నా వయసువాళ్ళకి నోరు ఊరుకోదు కదా, ఈ వీధి ఆవులు రెండు రోజుల్లో మేసేస్తాయేమో తల్లీ అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, "తంగేడు ఆవు ముడతాదేటమ్మా? మేకైనా ముట్టదు" అంది. వచ్చిన ఆటో వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళ కిందటి నా అబద్ధమొకటి ఆ నడిరోడ్డు మీద నన్ను పట్టుకుంది.

ఎనభైల మొదట్లో మావారు పోర్టులో గుమాస్తా, మాది ఎర్రమట్టి గుట్ట పక్కన చిన్న క్వార్టరు. నేను పూర్ణా మార్కెట్ దగ్గర, మా నాన్నగారి కొట్టు పైన మేడ మీద పెరిగినదాన్ని, మొక్కంటే నాకు తెలిసింది కుండీలో తులసి ఒక్కటే. మామగారు పోయాక అత్తగారు పద్మనాభం దగ్గరి పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేశారు. వస్తూ తెచ్చుకున్నవి నాలుగు చీరలు, చెంగున ముడివేసిన గుప్పెడు తంగేడు గింజలు.

ఆ రోజుల నీటి కటకట మీకూ గుర్తుండే ఉంటుంది, కుళాయి ఎప్పుడొస్తుందో తెలియక బిందెలు వరసలో పెట్టి కాపలా కాసేవాళ్ళం. ఆవిడ మొక్కలకని ఆ నీళ్ళలోంచి ఒక్క చెంబు కూడా తీసుకోలేదు. గింజల్ని గచ్చు మీద గరుకుగా రుద్ది, వేడినీళ్ళలో నానబెట్టి, తొలకరికి ముందు గేటు పక్కన గుచ్చారు, అంతే. రెండో ఏటికి నడుమెత్తు పెరిగి పసుపుపచ్చగా విరగబూశాయి. నల్లటి తుమ్మెదలు వచ్చి పువ్వుల్ని జుయ్యిమని వణికించి, అటునుంచటే పెరట్లో వంగపూల మీదికి పోయేవి. "తుమ్మెద తిరిగితేనే వంగ కాత్తాదమ్మా" అనేవారు అత్తగారు. పొద్దున్నే మెట్టు మీద కూర్చుని వాటిని చూస్తూ కాఫీ తాగేవారు. మా ఇంట్లో ఆవిడవంటూ ఉన్నవి ఆ మొక్కలే, ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

ఎదురింటావిడ కుండీల నిండా క్రోటన్లు పెంచేది. ఒకరోజు మా గేటు దగ్గర ఆగి, "ఈ తుప్పలేటండి, ఎవరేసారు?" అని అడిగింది. మా అత్తగారు వేశారని చెప్పడానికి నామోషీ అయి, వాటంతటవే మొలిచాయని చెప్పేశాను. అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు, చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మావారి ఆఫీసరుగారు భార్యతో సహా టీకి వస్తారనగా, ఆ వారంలోనే అత్తగారు బంధువుల పెళ్ళికని ఊరికి వెళ్ళారు. అదే అదననుకుని గడ్డికోసే మనిషిని పిలిచి, గునపంతో మొదలంటా తీయించేశాను. వేరు లోతుకి దిగిపోయి ఓ పట్టాన రాలేదు. వాటి చోట రెండు గులాబీలు నాటించాను. ఆఫీసరుగారి భార్య వచ్చారు, టీ తాగారు, గేటు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఆవులు మేసేశాయని మావారికి చెబితే, నా ముఖంలోకి ఓ క్షణం చూసి, చొక్కా విప్పుకున్నారు. ఊరి నుంచి వచ్చిన అత్తగారికీ అదే చెప్పాను. ఆవిడ చేతిసంచి దించకుండానే వంగి, తవ్విన మట్టిని తడిమి చూశారు. రాత్రి భోజనాల దగ్గర మావారు ఏదో అనబోతుంటే ఆవిడే అందుకుని, "కంప కట్టకుండా ఎలిపోనానురా బాబూ, ఆవులు మేసెయ్యవా మరి? నాదే బుద్ధి తక్కువ" అన్నారు. పల్లెటూరి మనిషిని భలే నమ్మించానని ఆ పూట నాలో నేను మురిసిపోయాను కూడా. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

గులాబీలు వేసవి దాటలేదు. ఆ ఏడు వంగ పూసింది పూసినట్టే రాలిపోయింది. అత్తగారు మా ఇంట మరో గింజ నాటలేదు. గిన్నె జరపాలన్నా, "ఇక్కడ పెట్టొచ్చేటమ్మా?" అని నన్ను అడిగేవారు. అది మర్యాద అనుకున్నాను.

ఇప్పుడు ఆవిడా లేరు, మావారూ లేరు. పొలం ఎరిగిన ఆ తల్లీకొడుకులకి తంగేడు ఆవులు ముట్టవని తెలియకుండా ఉంటుందా? చేసిన పనికన్నా, తెలిసీ ఇద్దరూ నన్ను అన్నేళ్ళు కాపాడుకొచ్చారే, దానికే నాకు తలెత్తుకోబుద్ధి కావడం లేదు.

ఆ రోజు డివైడర్ దగ్గర ఆవిడని అడిగి నాలుగు కాయలు తెచ్చుకున్నాను. గింజల్ని గచ్చు మీద రుద్ది, నానబెట్టి, మా అపార్టుమెంటు గేటు పక్కన గుచ్చాను. ఇప్పుడు తంగేడుకి బోర్డులు పెడుతున్నారు, దాన్ని తుప్ప అనేవారు లేరు. కానీ గేటు పక్కన ఏం మొలుస్తోందో, ఎవరు వేశారో ఆగి అడిగే తీరిక కూడా ఎవరికీ లేదు, ఫోన్లు చూసుకుంటూ దాటిపోతారు. మొలకలు ఇంకా జానెడైనా లేవు. అయినా సాయంత్రాలు వాటి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను, ఎవరైనా అడిగితే మా అత్తగారు వేశారని చెబుదామని.