కవర్లు తీయని కారు

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె కార్ల బ్రోకరుతో ఫోన్లో పోట్లాడుతోంది. భర్త ముచ్చటపడి కొన్న స్పెషల్ ఎడిషన్ కారట. పూజ చేయించడానికి గుడిదాకా వెళ్లి రావడం తప్ప పెద్దగా తిరగలేదు. ఆయన పోయాక అమ్మకానికి పెట్టింది.

"పోయినాయన బండి అని సగం రేటు జెప్తావా? మా ఇంటాయన దాంట్లో పోలేదప్పా. సీట్లు మాసిపోతాయని ఆస్పత్రికి గూడా ఆటోలోనే పోయినాడు!"

బ్రోకరు రేటు కాస్త పెంచినట్టున్నాడు.

"ఇంగ నువ్వెంతిచ్చినా అమ్మను. నేనే తోలేది నేర్చుకుంటా. గీతలు పడితే పడనీ."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "ఇంటికి పోతానే ఆ సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు చింపి పారేస్తానమ్మా."

పేరైనా అడగలేదు. ఇప్పటికీ పుంగనూరు రోడ్డులో గీతలు పడ్డ కారు ఎదురైతే, స్టీరింగు ముందు ఎవరున్నారోనని తొంగి చూస్తాను.